ఇంటికి పంపిన తెలుగు కాగితాలు

ఎవరైనా "మా ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడతామండీ" అని గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొహం మీద ఏమీ అనను. వయసొచ్చాక ఆ మాత్రం మర్యాద నేర్చుకున్నాను. కానీ ఆ రోజంతా మా వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేస్తాయి. ఎందుకో మా వాళ్లకు తెలియదు. అడిగితే ఇంత కథ చెప్పాల్సి వస్తుందని నేనూ చెప్పలేదు.

తొంభైల చివర్లో నేను మదీనాగూడలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. స్కూలంటే బొంబాయి రోడ్డు మీంచి లోపలికి తిరగగానే ఉండే ఒక కిరాయి ఇల్లు. వంటింట్లో ఎల్‌కేజీ నడిచేది. గట్టు, గూళ్లు అలాగే ఉండేవి, పిల్లలు గట్టు మీద సంచులు పెట్టుకునేవారు. పడగ్గదుల్లో మూడు, నాలుగు తరగతులు. డాబా మీద రేకుల షెడ్డులో ఆరు, ఏడు. నా ఉద్యోగం ఆ రేకుల కింద. గుంటూరు వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చినదాన్ని, పదో తరగతి దాకా తెలుగులోనే చదివినదాన్ని. ఆ సంగతి స్కూల్లో పైకి చెప్పకూడదు. అలా అని ఎక్కడా రాసి పెట్టలేదు కానీ అందరికీ తెలుసు.

అప్పుడే మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి కంప్యూటర్ కంపెనీల కోసం అద్దాల భవనం కడుతున్నారు. మా పిల్లల తల్లిదండ్రులు ఆదివారాలు స్కూటర్ల మీద వెళ్లి దాన్ని చూసొచ్చేవారు. సోమవారం పొద్దున గేటు దగ్గర అదే మాట. ఎన్ని అంతస్తులు లేచింది, అద్దాలు బిగించారా లేదా. ఆ అద్దాల వెనక తమ పిల్ల కుర్చీ అప్పుడే వేసి ఉందన్నట్టు మాట్లాడేవారు. ఆశపడటం తప్పని నేను అనను. ఆ ఆశను పట్టుకుని ఎవరు ఏం అమ్మారన్నదే నా కోపం.

టీచర్లకు ఆధారం ఏమిటంటే పాఠ్యపుస్తకం, దానికి ఒక గైడు. అంతే. గైడులో ప్రశ్న ఉంటుంది, కింద జవాబు ఉంటుంది. జవాబు బోర్డు మీద రాయాలి, పిల్లలు దించుకోవాలి, ఇంటికెళ్లి బట్టీ పట్టాలి. ఎవరికైనా సందేహం వస్తే ఏం చెయ్యాలో గైడులో లేదు. దాని అవసరమూ రాలేదు. సందేహం రావాలంటే ముందు ఏదో ఒకటి అర్థం కావాలి కదా. మా స్టాఫ్ రూములో చాలామంది నాలాంటివాళ్లే. తెలుగులో నేర్చుకున్న సైన్సును రాని ఇంగ్లీషులోకి మార్చలేక గైడునే నమ్ముకున్నవాళ్లు.

ఒకసారి యూనిట్ టెస్టులో నేను గైడులో లేని ప్రశ్న ఇచ్చాను. తడి బట్టలు ఎందుకు ఆరతాయి? ఇంగ్లీషులోనే అడిగాను, అంతకంటే తేలిక ప్రశ్న ఉండదనుకున్నాను. ఆరో తరగతిలో సగం మంది ఖాళీ వదిలేశారు. ఒక అమ్మాయి మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపింది. ఒక్క తప్పు లేదు. కాకపోతే అది పువ్వు భాగాల గురించి. గైడులో మూడో జవాబు అది, నా ప్రశ్న కాగితంలో ఆరే బట్టలది మూడో ప్రశ్న. ఆ పిల్ల జవాబుల్ని అంకెలతో గుర్తుపెట్టుకుంది.

పిల్లను నిలబెట్టి, వాళ్లమ్మను తీసుకురమ్మన్నాను. ఆమె మర్నాడు సాయంత్రం వచ్చింది. బాలానగర్‌లో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని, డ్యూటీ దిగి సిటీ బస్సులో నేరుగా వచ్చినట్టుంది, కొంగు బొడ్లో దోపుకునే ఉంది. భర్త లారీ మీద తిరుగుతాడు, ఇల్లూ పిల్లా ఈమే చూసుకోవాలి. నేను నోరు తెరవకముందే అంది, "తప్పు నాదే మేడం. నేనే సదివిస్త. బిడ్డను ఏమనకుండ్రి."

"మీరు ఇంగ్లీషు చదువుతారా అమ్మా?"

"నాకేడొస్తది మేడం. ఏడు దాక సదివిన, తెలుగుల." అని పిల్ల సంచిలోంచి సైన్సు పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

పేజీ పేజీ నిండా పెన్సిల్‌తో సన్నటి తెలుగు అక్షరాలు. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తినా ఆ మాటే, పలికేది పలికినట్టు తెలుగు అక్షరాల్లో. ద స్టెమ్ క్యారీస్ వాటర్ టు ద లీవ్స్. క్లాసులో నేను చదివినది చదివినట్టు పిల్ల ఇంటికెళ్లి చెబితే, తల్లి పక్కన కూర్చుని ఆ మాటల మీద రాసుకునేదట. తర్వాత పుస్తకం తన చేతిలో పట్టుకుని పిల్లతో ఒప్పజెప్పించుకునేది. ఎక్కడైనా మాట తప్పితే పట్టుకునేది. రోజూ బాలానగర్ నుంచి వచ్చి, వంట చేసి, ఈ పని చేసేది. ఒకటో తరగతి నుంచీ ఇదే పని.

నేను ఒక్కో పేజీ తిప్పాను. ఆమె నేను తిడతాననుకున్నట్టుంది, మెల్లగా ఒక మాట మీద వేలు పెట్టి అడిగింది, "గీ స్టెమ్ము అంటే ఏంది మేడం?"

కాండం అని చెప్పాను. చెట్టు కాండం. ఆమెకు తెలిసిన మాటే. "ఓ, గదా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అన్నేళ్లుగా ఒక తల్లి తన బిడ్డకు పాఠం చెబుతోంది, అందులో ఒక్క ముక్కకు అర్థం ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయన మీద చూపించాను.

ఆ వారమే మొదలుపెట్టాను. ఒక్కో పాఠానికి ఒక్కో కాగితం, తెలుగులో, తల్లిదండ్రుల కోసం. మా చర్చిలో పాటల కాగితాలు తీసే పాత సైక్లోస్టైల్ యంత్రం ఉండేది. పాస్టర్ అయ్యగారిని అడిగితే, "సిరా ఖర్చు దేవుడు చూసుకుంటాడులేమ్మా, చెయ్యి కడుక్కోవడానికి సబ్బు మాత్రం నువ్వే తెచ్చుకో" అన్నారు. మైనం కాగితం మీద ఇనుప మొన ఉన్న కలంతో రాసి, హ్యాండిల్ తిప్పితే ఒక్కో కాపీ వచ్చేది. మోచేతుల దాకా నలుపు. ఆదివారం ఆరాధన అయ్యాక అదే నా పని.

కాగితంలో ఏముండేదంటే, పాఠం దేని గురించో నాలుగు వాక్యాలు. అందులో వచ్చే ఇంగ్లీషు మాటలకు మనం ఇంట్లో ఏమంటామో అది. తర్వాత, ఇంట్లో ఇది చేసి చూడండి. ఉతికిన బట్టల్లో ఒకటి ఎండలో, ఒకటి నీడలో వెయ్యండి. ఏది ముందు ఆరిందో పాపను చూడమనండి. ఎందుకో అడగండి. పాప తప్పు చెప్పినా ఫరవాలేదు, మాట్లాడనివ్వండి. చివర్లో, మీకు తెలియనిది ఉంటే రాసి పంపండి. అంతే. గొప్ప పుస్తకమేమీ కాదు. కొట్లో ఉప్పూ పప్పూ అడిగేటంత తేలిక భాష.

మొదట ఆ ఒక్క తల్లికే ఇచ్చాను. ఆ తర్వాత గేటు దగ్గర ఇంకో తల్లి అడిగింది. ఒక మెకానిక్ తండ్రి అడిగాడు. స్టాఫ్ రూములో మా టీచర్లు కూడా అడిగారు. "పిల్లలకు కాదండీ, నాకే" అని గొంతు తగ్గించి తీసుకుని, క్లాసుకెళ్లే ముందు మెట్ల మీద నిలబడి చదువుకునేవారు. ఆ కొద్ది నెలలూ నేను టీచరు ఉద్యోగం చేశానని చెప్పుకోగలను.

ఆ అమ్మాయి మారింది. అంతకుముందు పిలిస్తే తప్ప పలకని పిల్ల, ఒకరోజు తనంతట తనే చెయ్యెత్తింది. "మేడం, చల్లటి కూల్ డ్రింక్ సీసకు బయటి దిక్కు తడి ఏడికెల్లి వస్తది? సీస కారుతదా? మా అమ్మ అడగమన్నది."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తల్లీ కూతురూ కిరాణా కొట్టు ముందు నిలబడి ఒక సీసా వంక చూసి వాదించుకున్నారు. చదువంటే అదే కదా. జవాబు చెబుదామని బోర్డు వైపు తిరిగేలోపు క్లాసు లీడరు లేచి వెళ్లి ఆ పిల్ల మెడలో అట్ట తగిలించేసింది. "నేను తెలుగు మాట్లాడను" అని ఇంగ్లీషులో రాసి, పురికొస కట్టిన అట్ట అది. తెలుగు మాట్లాడినవాళ్ల మెడలో పడుతుంది. వాళ్లు ఇంకొకరు తెలుగు మాట్లాడుతుంటే పట్టుకుని వాళ్ల మెడలో వెయ్యాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు శిక్ష. పిల్లలు ఒకరి నోటి దగ్గర ఒకరు కాపలా కాసేవారు. ఇంత నీచమైన ఆలోచన పెద్దవాళ్లకే వస్తుంది, పిల్లలకు రాదు. నేను అట్ట పీకి, నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. మర్నాటికి కొత్తది వచ్చింది.

అట్ట చించిన సంగతి కరస్పాండెంటు దాకా వెళ్లింది. స్కూలు యజమానిని అలాగే పిలిచేవాళ్లం. ఆయన అప్పుడు నన్నేమీ అనలేదు. పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగాడు.

ఆ శనివారం కింద హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. ఆయన ముందు అద్దాల భవనం గురించి చెప్పాడు. "అందులో లిఫ్టు ఎక్కాలన్నా ఇంగ్లీషు రావాలండీ" అన్నాడు. లిఫ్టు మీట నొక్కడానికి ఇంగ్లీషు ఎందుకో ఎవరూ అడగలేదు. అప్పుడు ఒక తండ్రి లేచాడు. కర్నూలు వైపు నుంచి వచ్చి నిజాంపేటలో ప్లాట్లు అమ్మే మనిషి. నా కాగితాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు.

"ఏం సార్ ఇది? మా పాప సంచిలో ఉండాది. తెలుగు నేర్చుకునేకి మా ఊర్లో లేవా బడులు? ఇంగ్లీషు కోసరం గదా ఈడ చేర్పించినాం."

ఆయన అన్నందుకు నాకు ఆశ్చర్యం లేదు. ఆయన వెనక మెకానిక్ తండ్రి తలూపాడు. గేటు దగ్గర నన్ను అడిగి మరీ కాగితం తీసుకున్న తల్లి తలూపింది. "అవు సారూ, ఇంగ్లీషు కోసమే గదా పంపుతున్నం" అని ఒకాయన గొంతెత్తాడు. తమ దగ్గర లేని ఇంగ్లీషు కోసం తమ దగ్గరున్న తెలుగును వద్దనాలని వాళ్లకు ఎవరో బాగా నేర్పారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

లేచి అన్నాను, "అర్థం కాని పాఠం ఏ భాషలో బట్టీ పడితే ఏం లాభమండీ? ఆ కాగితం పిల్లల కోసం కాదు, మీ కోసం. మీరు వాళ్లతో మాట్లాడాలని."

"మేడమ్, మీరు కూర్చోండి" అన్నాడు కరస్పాండెంటు నవ్వుతూనే. ఆ నవ్వును నేను ఇంతవరకూ క్షమించలేదు. తర్వాత అందరి వైపూ తిరిగి అన్నాడు, "చూడండి, అసలు లోపం ఇంట్లోనే ఉంది. ఇక్కడ ఎనిమిది గంటలు మేం ఇంగ్లీషు ఎక్కిస్తాం, ఇంటికెళ్లగానే మీరు తెలుగు మాట్లాడి అంతా దింపేస్తారు. తెలుగు జలుబు లాంటిదండీ, పక్కన కూర్చుంటే అంటుకుంటుంది. ఇంగ్లీషు రానివాళ్లు దయచేసి పిల్లల్ని చదివించకండి. ట్యూషన్‌కి పంపండి."

హాల్లో కొందరు నవ్వారు. నేను ఆ అమ్మాయి తల్లి కోసం చూశాను. చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె నవ్వలేదు. శ్రద్ధగా వింటోంది.

సోమవారం పొద్దున ఆమె గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉంది. నా కాగితాలన్నీ ఒక్క మడత లేకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది. వాటితోపాటు పిల్ల సైన్సు పుస్తకం. "జర సూడుండ్రి మేడం, మొత్తం తుడిచిన" అంది. తెరిచి చూశాను. పెన్సిల్ రాత ఒక్కటీ లేదు. రబ్బరుతో రుద్ది రుద్ది కొన్నిచోట్ల కాగితం పీచు లేచింది, అచ్చు అక్షరాలు కూడా వెలిసిపోయాయి. ఆదివారమంతా అదే పని చేసినట్టుంది.

"ఇదెందుకు చేశారమ్మా?"

"సారు చెప్పిండు గదా. నా తెలుగు బిడ్డకు అంటుకుంటదంట. నాకెర్క లేక ఇన్నేండ్లు సదివించిన మేడం. గందుకే బిడ్డకు మార్కులు రాలే."

రోడ్డు మీదే గట్టిగా అరిచాను. ఆయనకేం తెలుసన్నాను. మీరు చదివించబట్టే పిల్ల ఇంత దాకా వచ్చిందన్నాను. సీసా మీద తడి గురించి అడిగిన పిల్ల స్కూలు మొత్తంలో ఇంకొకతి లేదన్నాను. అటు వెళ్లే ఆటోవాళ్లు కూడా ఆగి చూశారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. కోపంలో ఉన్న చిన్నపిల్లను సముదాయించినట్టు సముదాయించింది.

"మీరు గుస్స గాకుండ్రి మేడం. మీ మనసు మంచిది. గని సారు పెద్ద సదువు సదివినోడు గదా. ట్యూషన్‌ల ఏసిన. ఇంటికొచ్చినంక గూడ బిడ్డ సదువుకునేటప్పుడు నేను బయట కూసుంట. ఏం పరేషాన్ లేదు."

కాగితాలు నా చేతిలో పెట్టి, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది. నేను డాబా మీదికెళ్లి, తలుపు వేసి, ఆ రోజు పాఠం మొత్తం తెలుగులోనే చెప్పాను. లీడరు అట్ట పట్టుకుని లేచి, నా మెడ వంక చూసి, మళ్లీ కూర్చుంది. తర్వాత కూడా చెబుతూనే ఉన్నాను. కానీ తలుపు వేసుకుని చెప్పే చదువు ఇళ్లదాకా వెళ్లదు. ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తలేదు. ఒకసారి నేనే కావాలని అడిగాను, అమ్మ ఏమైనా అడగమందా అని. "అమ్మ ఇప్పుడు అడగది మేడం" అంది.

ట్యూషన్లో బాగానే రుద్దారు. సంవత్సరం చివరికి ఆ పిల్లకు మంచి మార్కులు వచ్చాయి. కరస్పాండెంటు ఆనందానికి అంతు లేదు. వార్షికోత్సవంలో ఇంగ్లీషులో మాట్లాడటానికి ఆ పిల్లనే ఎంచుకున్నాడు. విషయం, "మా అమ్మ". ట్యూషన్ సెంటర్ వాళ్లు వ్యాసాల పుస్తకం ఒకటి తీసి, అందులోది ఇచ్చారు.

స్కూలు వెనక ఖాళీ ప్లాటులో షామియానా వేశారు. తల్లిదండ్రులు మాట్లాడుకుంటూ గోల చెయ్యకుండా చూడమని టీచర్లను వాళ్ల మధ్య కూర్చోబెట్టారు. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కంపెనీకి సెలవు పెట్టి, తలలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. పిల్ల మైకు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్క మాట తడబడకుండా ఒప్పజెప్పింది. మా అమ్మ డిగ్రీ చదివింది. మా అమ్మ గృహిణి. మా అమ్మ రోజూ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా పాఠాలు చెబుతుంది. మా అమ్మే నా మొదటి టీచరు. మా అమ్మ అంటే నాకు చాలా ఇష్టం. చప్పట్లు మారుమోగాయి.

"ఏమన్నది మేడం బిడ్డ?" ఆమె నా భుజం మీద చెయ్యేసి అడిగింది.

డిగ్రీ సంగతి, గృహిణి సంగతి నా నోటికి రాలేదు. "మీ గురించేనమ్మా. రోజూ సాయంత్రం మా అమ్మే పక్కన కూర్చుని చదివిస్తుందని చెప్పింది."

ఆమె మొహం పాలిపోయింది. వేదిక మీద కరస్పాండెంటు వంక చూసి గొంతు బాగా తగ్గించింది. "అయ్యో, గట్లెందుకన్నది మేడం? నేను ఎన్నడో బంద్ చేసిన గదా. సారు ఇన్నడు. నేను ఇంకా సదివిస్తున్న అనుకుంటడు."

"ఆయన ఏమీ అనుకోడమ్మా. అది పుస్తకంలో ఉన్నదే. ఉన్నది ఉన్నట్టు చెప్పింది."

"బుక్కుల గట్లనే ఉన్నదా?"

"ఉంది."

"నిజంగ?"

"నిజంగా."

"గట్లయితే ఫికర్ లేదు" అని ఊపిరి పీల్చుకుని, ఆమె అప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది. అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉంది. వేదిక మీంచి కరస్పాండెంటు మా వరస వైపు చూసి, మెచ్చుకుంటున్నట్టు తలూపాడు. నేను చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.